దొడ్లో ఆవు

“అమ్మమ్మా, పాపం ఆవుని బాత్రూంలో ఎందుకు కట్టేశావ్?”

మా పాప అడిగిన ప్రశ్నకి అమ్మ చేతిలో గడ్డిమోపు అలాగే ఆగిపోయింది. తప్పు అమ్మదే. “ఆవుని దొడ్లో కట్టేశా” అంది. పాపకి తెలిసిన దొడ్డి ఒకటే మరి, పొద్దున్నే వెళ్ళేది!

నవ్వుకున్నాక బ్రౌన్ నిఘంటువు తీశా. 1852 నాటిది. దొడ్డి అంటే పశువుల్ని కట్టే చోటు, ఇంటి పెరడు కూడా. కన్నడంలోనూ దొడ్డి అంటే పశువుల కొట్టమే. పెరటి వైపు వెళ్ళడం కాస్తా “దొడ్డికెళ్ళడం” అయింది. మర్యాద కోసం చాటుగా అన్న మాట, చివరికి దానికే మర్యాద పోయింది.

బందెలదొడ్డి మాత్రం చెక్కుచెదరలేదు. చేలో పడ్డ గొడ్డుని అందులో పెడితే జరిమానా కట్టి విడిపించుకోవాలి. దానికి 1871 నాటి చట్టం కూడా ఉంది. ఇక దొడ్డిదారి సంగతి, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా పాపకి ఓపిగ్గా వివరించా. శ్రద్ధగా విని, “మరి ఆవు ఫ్లష్ ఎలా చేస్తుంది?” అంది.