పాటల కంప్యూటర్‌కు కొత్త ఓఎస్: వెస్ట్ మాంబళం నుంచి పని చిట్టా

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. మా ఇంట్లో పాటలు రికార్డు చేసే కంప్యూటర్‌లో ఉన్నది ఆరో తరం ఇంటెల్ ఐ5. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. పైగా టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. 16 జీబీ ర్యామ్‌తో ఏ లోపమూ లేకుండా నడుస్తున్న యంత్రాన్ని ఈ కారణంతో మూలన పడేయడానికి నాకు మనసొప్పలేదు. పాత వ్యవస్థతో ఇంకో చిక్కు కూడా ఉంది. శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచే బఫర్‌ను 256 శాంపిళ్లకు (శబ్దపు కొలతలకు) దించితే చాలు, హెడ్‌ఫోన్‌లో చిటపటలు మొదలయ్యేవి. అందుకని మొత్తం తుడిచేసి, ఆడియో లాంటి పనుల కోసం తయారైన లైనక్స్ రూపం ఉబుంటు స్టూడియో 24.04 వేయాలని నిర్ణయించుకున్నాను. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఈ దీర్ఘకాలిక విడుదలకు మూడేళ్ల మద్దతు ఉంది.

రికార్డు చేసేది ఎక్కువగా పిన్ని పాట, మేనకోడలి వీణ. అప్పుడప్పుడు పక్క వీధి మృదంగం మాస్టారు వస్తారు. రెండు మైకులు, వాటి శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, రీపర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాం: పరికరాలు అంతే. రీపర్‌కు లైనక్స్‌లో నేరుగా నడిచే రూపం ఉంది కాబట్టి చేతికి అలవాటైన పనిముట్టు మారదు. ఇంటర్‌ఫేస్ కూడా యూఎస్‌బీ ఆడియో క్లాస్ ప్రమాణాన్ని పాటించే రకం. అలాంటి వాటికి లైనక్స్‌లో వేరే డ్రైవర్ అక్కర్లేదు. మీ దగ్గర ఉన్నది ఈ రకమో కాదో ఏదీ తుడవకముందే తేల్చుకోండి. పెన్‌డ్రైవ్ నుంచే ఉబుంటు స్టూడియోను తాత్కాలికంగా నడిపించి, ఇంటర్‌ఫేస్ తగిలించి ఒక నిమిషం రికార్డు చేస్తే చాలు.

తుడిచే ముందు

ఈ పనిలో ఎక్కువ సమయం తీసుకున్నది ఈ దశే. అలా తీసుకోవడమే సబబని నా గట్టి నమ్మకం.

రీపర్ ప్రాజెక్టు ఫైలు మామూలు టెక్స్టు ఫైలే, ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది. అయితే అందులో వాడిన ప్లగిన్లు (ఎఫెక్టులిచ్చే చేర్పు ప్రోగ్రాంలు) విండోస్‌వైతే వాటి స్థానం ఖాళీగా కనబడుతుంది, శబ్దం మారిపోతుంది. యాబ్రిడ్జ్ అనే సాధనంతో, విండోస్ ప్రోగ్రాంలను లైనక్స్‌లో నడిపే వైన్ సాయంతో, కొన్ని విండోస్ ప్లగిన్లను లైనక్స్‌లో నడపవచ్చు. నేను ఆ దారి వద్దనుకున్నాను. రికార్డింగ్ మధ్యలో ఆగిపోయే అవకాశం ఉన్న అదనపు పొర నాకెందుకు? దానికి బదులు పాత ప్రాజెక్టులన్నింటినీ ఒక్కొక్కటిగా తెరిచి, ప్రతి ట్రాక్‌నూ రెండు విధాలుగా వేవ్ ఫైలుగా తీశాను. ఒకటి ఏ ఎఫెక్టూ లేని పచ్చి శబ్దం, రెండోది ఎఫెక్టులతో సహా. అన్ని ఫైళ్లూ ప్రాజెక్టు మొదటి క్షణం నుంచే మొదలవ్వాలి, మధ్యలో నిశ్శబ్దం ఉన్నా సరే. అప్పుడే పదేళ్ల తర్వాత ఏ ప్రోగ్రాంలో వేసినా పాట, వీణ, మృదంగం వాటంతటవే వరుసలో కూర్చుంటాయి.

దీనికి పట్టే చోటు గురించి బెంగ అక్కర్లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల మోనో ట్రాక్ నిమిషానికి 8.64 మెగాబైట్లు, గంటకు సుమారు 518 మెగాబైట్లు. ఇన్నేళ్ల పాటలన్నీ రెండు విధాలుగా తీసినా 1 టీబీ డిస్కులో సగం నిండలేదు.

ప్రతి ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక టెక్స్టు ఫైలు పెట్టాను. రాగం, తాళం, శ్రుతి, శాంపిల్ రేటు (సెకనుకు ఎన్ని శాంపిళ్లు), తంబూర షడ్జం ఎన్ని హెర్ట్జ్, ఏ మైకు, ఎంత దూరం. కర్ణాటక సంగీతానికి వీటిలో శ్రుతి వివరాలు చాలా ముఖ్యం. మేము లయ కోసం మెట్రోనోమ్ క్లిక్ పెట్టుకుని పాడం, కాబట్టి టెంపో అంకె దేనికీ పనికిరాదు. శ్రుతి అంకె మాత్రం కావాలి. పిన్నిది నాలుగున్నర శ్రుతి. షడ్జం 185 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో తీసిన పాటను పొరపాటున 48 వేగంతో ఆడిస్తే అది 201 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది. అంటే ఐదు శ్రుతికీ ఐదున్నరకూ మధ్య ఎక్కడో పడుతుంది, పాట దాదాపు తొమ్మిది శాతం వేగం పుంజుకుంటుంది. కొత్త వ్యవస్థలో మొదట చేయాల్సిన పరీక్షల్లో ఇదొకటి: పాత తంబూర ట్రాక్ ఆడించి ట్యూనర్ పెట్టి చూడటం. రాసిపెట్టిన అంకె ఉంటే అర నిమిషంలో తేలిపోతుంది.

ఫైళ్ల పేర్ల సంగతి ఒకటి. నేను ఫోల్డర్లకు, ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెడతాను: పల్లవి మొదటి పాదం, రాగం, తాళం, తేదీ. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు 255 అక్షర సంకేతాల దాకా ఉండొచ్చు. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. గుణింతం గుర్తూ ఒక సంకేతమే, పొల్లూ ఒక సంకేతమే, కాబట్టి వత్తు పడితే రెండు. అంటే మొత్తం 85 సంకేతాలకు మించకూడదు. కాపీ చేసేటప్పుడు పొడవైన పేర్లున్న ఫైళ్లు ఆగిపోయేది ఇక్కడే. తెలుగులో పేర్లు పెట్టేవాళ్లు ముందే పేర్లు కుదించుకోవాలి. నేను తాళం, తేదీ టెక్స్టు ఫైలులోకి మార్చి, పేరులో పల్లవి, రాగం మాత్రం ఉంచాను.

నకళ్లు రెండు తీశాను, ఒకటి ఇంట్లో డిస్కులో, ఒకటి అడయార్‌లో ఉండే తమ్ముడి దగ్గర. కాపీ అయ్యాక ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తింపు అంకె) సరిపోల్చాను. కాపీ పూర్తయిందన్న సందేశం కనిపించగానే నమ్మేసి అసలును తుడవకండి. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్ల లైసెన్సులను పాత వ్యవస్థలోంచే రద్దు చేసుకోవడం కూడా ఈ దశలోనే.

శనివారం: పెట్టె విప్పడం

రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొత్త ఎస్‌ఎస్‌డీ, థర్మల్ పేస్టు, ఒక సాటా కేబులు తెచ్చాను. మౌంట్ రోడ్డు పక్కనే ఉన్న ఆ సందుల్లో అడిగితే దొరకని కేబులు అంటూ ఉండదు. పెట్టె విప్పాను కాబట్టి ఫ్యాన్లలో దుమ్ము తీసి, ప్రాసెసర్ మీద పాత పేస్టు తుడిచి కొత్తది పూశాను. చెన్నై ఎండకు ఇది చిన్న పని కాదు. ప్రాసెసర్ వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఆ క్షణంలో శబ్దం తెగుతుంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు రికార్డింగులున్న డిస్కు కేబులును బోర్డు నుంచి పీకేశాను. తెర మీద ఏ డిస్కు ఎంచుకోవాలో ఎంత జాగ్రత్తగా చదివినా, కేబులు ఊడదీసినంత భద్రత ఇంకెందులోనూ లేదు. ఆ డిస్కు ఇంకా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి పూర్తిగా షట్‌డౌన్ చేశాకే పీకాలి. లేకపోతే డిస్కు సగం నిద్రలో ఉన్నట్టు గుర్తు మిగిలిపోయి, లైనక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు.

ఇన్‌స్టాలేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దించుకున్న ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైలు) చెక్‌సమ్ సరిచూసి, 16 జీబీ పెన్‌డ్రైవ్‌కు రాసి, కాఫీ తాగి వచ్చేసరికి అయిపోయింది.

ఆదివారం: కొలతలు

ఇక్కడ నాకొక నియమం ఉంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి, దాని వెంటనే అదే పరీక్ష మళ్లీ పెట్టాలి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ ఒకేసారి అమలు చేస్తే చిటపట తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, రేపు మళ్లీ వస్తే ఎక్కడ వెతకాలో తెలియదు. నా పరీక్ష ఇది: అన్నింటికన్నా బరువైన ప్రాజెక్టు తెరిచి, అరగంట ఆడిస్తూ మరో ట్రాక్ రికార్డు చేయడం. లైనక్స్‌లో శబ్దాన్ని అటూఇటూ చేరవేసే పైప్‌వైర్‌తో వచ్చే పీడబ్ల్యూ-టాప్ అనే సాధనంలో తప్పుల గడి ఒకటి ఉంటుంది. శబ్దం అందాల్సిన సమయానికి అందనప్పుడల్లా అక్కడ అంకె పెరుగుతుంది. వీటినే ఎక్స్‌రన్‌లు అంటారు. అరగంటకు అక్కడ సున్నా ఉండాలి.

పైప్‌వైర్ మామూలుగా 1024 శాంపిళ్ల బఫర్‌తో నడుస్తుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 21 మిల్లీసెకన్లు. పాటలు వినడానికి ఏ ఇబ్బందీ లేదు, వాయిస్తూ వినడానికి మాత్రం కుదరదు. 256కు దించితే 5.3, 128కి దించితే 2.7. 256 దగ్గర మొదటి ప్రయత్నంలోనే సున్నా వచ్చింది. పాత వ్యవస్థ చిటపటలాడిన చోటే ఇది! 128 దగ్గర మాత్రం అంకె మెల్లగా పెరుగుతూ పోయింది.

వరుసగా మార్చిన వాటిలో ఫలితం ఇచ్చినవి మూడు. ఇంటర్‌ఫేస్‌ను ముందువైపు పోర్టు నుంచి తీసి వెనక బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టాను. ముందువైపు కీబోర్డు రిసీవరు, పెన్‌డ్రైవ్ అన్నీ ఒకే హబ్బు మీద ఉన్నాయి. అంకె పెరగడం సగానికి తగ్గింది. రెండోది, రికార్డింగ్ సమయంలో వైఫై ఆపేయడం. అన్నింటికన్నా ఎక్కువ తేడా చూపింది ఇదే. మూడోది, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చడం. దీంతో 128 దగ్గర కూడా అరగంటకు సున్నా. నా లాగిన్ ఆడియో గ్రూపులో ఉందో లేదో స్టూడియో కాన్ఫిగరేషన్‌లో ముందే చూసుకున్నాను. అది లేకపోతే శబ్దానికి రియల్‌టైమ్ ప్రాధాన్యం (మిగతా పనులకన్నా ముందు వంతు) దక్కకపోవచ్చు. 2024లో లైనక్స్ 6.12తో పూర్తి రియల్‌టైమ్ సదుపాయం ఓఎస్ గుండెకాయ లాంటి ప్రధాన కెర్నల్‌లోకే వచ్చింది. ఎన్నో ఏళ్ల శ్రమకు దక్కిన ఫలితమది. 24.04తో వచ్చింది అంతకన్నా పాత లో-లేటెన్సీ కెర్నలే అయినా, నా అవసరానికి అది చాలింది.

64 దాకా వెళ్లలేదు. బఫర్ అంకె ఒక్కటే చూసుకుని మురిసిపోతే లాభం లేదు, మొత్తం రాకపోకల ఆలస్యం చూడాలి. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే కేబులుతో కలిపి, ఒక క్లిక్ పంపి, తిరిగి రికార్డు చేసి తేడా కొలిచాను. 128 దగ్గర దాదాపు 9 మిల్లీసెకన్లు వచ్చింది. గాలిలో శబ్దం ఆ సమయంలో మూడు మీటర్లు వెళ్తుంది. అంటే కచేరీ వేదిక మీద కాస్త ఎడంగా కూర్చున్న మృదంగం వినడంతో సమానం, వాయించేవాళ్లకు అడ్డు రాదు. ఈ పరీక్షలో ఇంకో ముఖ్యమైన పని కూడా ఉంది. రికార్డయిన క్లిక్ అసలు క్లిక్‌కు ఎన్ని శాంపిళ్లు వెనక పడిందో చూసి, ఆ అంకెను రీపర్‌లో ఆఫ్‌సెట్‌గా ఇవ్వాలి. లేకపోతే ముందు పాట, ఆ తర్వాత మృదంగం రికార్డు చేసినప్పుడు ప్రతి దెబ్బా ఒక పిసరు వెనకే పడుతుంది.

మేనకోడలు వీణ తెచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని కాంభోజి కాసేపు వాయించింది. "మామయ్యా, ఇదివరకు గమకం లాగాక వినిపించేది, ఇప్పుడు లాగుతుంటేనే వినిపిస్తోంది" అంది.

ఈ వారం

పెర్ఫార్మెన్స్ గవర్నర్‌తో ఫ్యాను చప్పుడు పెరిగింది, పిన్ని మైకులో అది వినబడుతోంది. కంప్యూటర్‌ను హాల్లోకి మార్చి తలుపు వేశాను. యూఎస్‌బీ 2.0 కేబులు పొడవు ఐదు మీటర్లు దాటకూడదు, కాబట్టి ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్ దగ్గరే ఉంచి, మైకు కేబుళ్లు పొడవువి తీసుకున్నాను. బ్యాలెన్స్‌డ్ మైకు కేబులు పది మీటర్లయినా బెంగ లేదు, యూఎస్‌బీ పొడవు పెంచడమే ఇబ్బంది. మాంబళం స్టేషను నుంచి వచ్చే లోకల్ రైళ్ల చప్పుడుకు మాత్రం ఏ ఓఎస్ మందు లేదు. అవి పలచబడే రాత్రి వేళే పాట తీస్తాం.

పాత 44.1 ప్రాజెక్టుల కోసం పైప్‌వైర్ అనుమతించే రేట్లలో 44100ను కూడా చేర్చాను. అప్పుడు అది 48కి మార్చి వినిపించకుండా ఇంటర్‌ఫేస్‌నే ఆ రేటుకు మారుస్తుంది. తంబూర ట్రాక్ 185 దగ్గరే నిలిచింది.

అంతా కుదిరాక క్లోన్‌జిల్లాతో సిస్టం డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా తీసి పెట్టాను. ఇక మీదట ఏ అప్‌డేట్ చెడగొట్టినా మళ్లీ ఈ స్థితికి రావచ్చు. అప్‌డేట్లు కూడా వాటంతటవే పడకుండా ఆపాను. రికార్డింగ్ లేని వారం చూసుకుని నేనే వేసి, అరగంట పరీక్ష మళ్లీ పెడతాను.

మిగిలింది రివర్బ్, అంటే గది ప్రతిధ్వనిని కలిపే ఎఫెక్టు. పాత ప్లగిన్‌కు బదులు రీపర్‌లోనే ఉన్న రీవెర్బ్‌లో ఇంపల్స్ ఫైళ్లు (ప్రతిధ్వని నమూనాలు) వేసి చూస్తున్నాను. వీణకు నచ్చింది దొరికింది, పిన్ని గొంతుకు ఇంకా దొరకలేదు. వచ్చే ఆదివారం మృదంగం మాస్టారు వస్తామన్నారు. వలంతలకు (కుడివైపు) ఒకటి, తొప్పికి (ఎడమవైపు) ఒకటి మైకు పెట్టి, రెండు ట్రాక్‌లు 128 దగ్గర గంటసేపు ఆగకుండా తీయాలి. ఆ గంట తర్వాత తప్పుల గడిలో ఏముందో ఇక్కడ రాస్తాను.