కరెంటు లేని చోట మోటారుసైకిలు బ్యాటరీ

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ఊళ్లలో నెలల తరబడి కదలకుండా నిలబడి ఉండే మోటారుసైకిళ్లు చాలా కనిపిస్తాయి. వేటకని గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిన మత్స్యకారులవి కొన్ని, ముంబయికో గల్ఫ్ దేశాలకో పనులకు వెళ్లిన కుర్రవాళ్లవి కొన్ని, జీడితోటలోని రేకుల షెడ్డు కింద ఉంచేసినవి ఇంకొన్ని. ఇవి ఉన్న చోట తరచు ప్లగ్గు పాయింటు ఉండదు. ఇంటి దగ్గర ఉన్నా, తుపాను వచ్చిందంటే ఆ ప్లగ్గు వల్ల ప్రయోజనం ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరం వైపు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటినప్పుడు మా వైపు ఊళ్లు ఎలా చీకట్లో ఉండిపోయాయో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. అందుచేత, ఇంటి కరెంటుతో పని లేకుండా ఆ చిన్న బ్యాటరీని కాపాడుకునే మార్గాలను లెక్కలతో సహా రాస్తున్నాను.

పాత కార్బురేటరు బళ్లకు ఈ బెంగ అంతగా ఉండేది కాదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా నాలుగు కిక్కులు కొడితే ఇంజను అందుకునేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక చాలా బళ్లలో పెట్రోలును పంపు చేసి ఇంజెక్టరుతో చిమ్మే ఏర్పాటు వచ్చింది. ఆ పంపుకూ, దానిని నడిపించే కంప్యూటరుకూ కరెంటు కావాలి. కొన్ని మోడళ్లలో కిక్కు రాడ్డే లేదు. అంటే ఇప్పటి బండిలో బ్యాటరీ చచ్చిపోతే చాలాసార్లు బండి మొత్తం ఆగిపోయినట్టే. ఇంతా చేసి ఆ బ్యాటరీ చాలా చిన్నది. మామూలు 100, 125 సీసీ బళ్లలో ఉండేది 3 నుంచి 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ (ఒక ఆంపియరు కరెంటు ఒక గంట ఇస్తే ఒక ఆంపియర్ అవరు). కొద్దిపాటి నష్టం కూడా దానికి పెద్ద దెబ్బే, కొద్దిగా ఎక్కువ ఎక్కించినా దానికి హానే. ఈ రెండో సంగతిని చాలామంది పట్టించుకోరు.

బ్యాటరీ ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి ఒక చవక మల్టీమీటరు చాలు. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక రెండు టెర్మినళ్ల మధ్య 12.7 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 దగ్గర ముప్పావు వంతు, 12.2 దగ్గర సగం ఉన్నట్టు లెక్క. 12 వోల్టులకు దిగిందంటే అడుగంటినట్టే భావించాలి. అలా దిగిన స్థితిలో వారాల తరబడి వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద ఏర్పడిన లెడ్ సల్ఫేటు గట్టి పలుకులుగా మారుతుంది. ఆ తరువాత ఎంత ఛార్జింగు పెట్టినా అది పూర్తిగా కరగదు. కాబట్టి మొదటి నుంచీ దిగకుండా చూసుకోవడమే అసలైన పని.

సోలార్ ప్యానెల్ కొనే ముందు చేయవలసింది, కరెంటు ఎటు కారిపోతున్నదో చూడటం. అడుగున చిల్లి ఉన్న కుండలో ఎన్ని నీళ్లు పోసినా నిలవవు. తాళం తీసేసిన బండి కూడా గడియారం కోసం, కంప్యూటరు కోసం కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 1 మిల్లీ ఆంపియరు అయితే నెలకు 0.7 ఆంపియర్ అవర్లు పోతాయి. దొంగల భయంతో బయట బిగించుకున్న అలారమో, జీపీఎస్ పరికరమో ఉండి ఆ వాడకం 5 మిల్లీ ఆంపియర్లకు చేరితే నెలకు 3.6 ఆంపియర్ అవర్లు, అంటే ఒక చిన్న బ్యాటరీ మొత్తం ఖాళీ అయిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేని మందు నెగెటివ్ వైరు ఊడదీయడం. ముందు నెగెటివ్, తరువాత పాజిటివ్ విప్పాలి. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగెటివ్. వరస తప్పితే పాజిటివ్ మీద ఉన్న స్పానరు ఛాసిస్‌కు తగిలి నిప్పులు రాలుతాయి. రెండు వైర్లూ విప్పేసి బ్యాటరీని ఇంట్లో నీడపట్టున ఉంచగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే బ్యాటరీ తనంతట తాను దిగిపోయే వేగం వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఎంత వేడి ఉంటుందో మనకు తెలుసు. నిండుగా ఎక్కించిన, నీళ్లు పోయనక్కరలేని మంచి సీలు బ్యాటరీ నీడలో విడిగా ఉంటే రెండు మూడు నెలలు ఇబ్బంది లేకుండా నిలుస్తుంది. రెండు మూడు నెలలకే ఊరు వెళ్లేవారికి ఇంతకుమించి ఏమీ అక్కరలేదని నా అభిప్రాయం.

ఇక్కడ ఎక్కువమంది చేసేది వేరు. కొడుకు గుజరాత్‌లో ఉన్నాడని, మా పిన్ని వారానికోసారి పక్కింటి కుర్రవాడి చేత బండి స్టార్ట్ చేయించి ఐదు నిమిషాలు అలాగే ఆడనిచ్చేది. "వారం వారం స్టార్ట్ చేయిస్తూనే ఉన్నాను కదరా, మరెందుకు దిగిపోయింది?" అని నన్ను అడిగింది. "నిలబెట్టి ఆడిస్తే ఎక్కదు పిన్నీ, రోడ్డు మీద అరగంటైనా తిప్పాలి" అన్నాను. ఐడిలింగులో ఇంజను తయారుచేసే కరెంటే తక్కువ. పైగా 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి, ఆ కాస్తలో కూడా 35 వాట్ల బల్బు ఎక్కువ వాటా తీసుకుంటుంది. మిగిలి బ్యాటరీకి చేరేది 0.3 ఆంపియరు అనుకుంటే ఐదు నిమిషాలకు 0.025 ఆంపియర్ అవరు. సెల్ఫ్ మోటారు రెండు సెకన్లలో లాక్కున్నది కూడా ఇంచుమించు అంతే. వారమంతా కారిపోయినదానిని పూడ్చడానికి ఏమీ మిగలదు.

నాలుగైదు నెలలకు మించి బండి ఆగిపోయే చోట, లేదా అప్పుడప్పుడు మాత్రమే తీసే బండికి, సోలార్ ప్యానెలే సరైన దారి. ఇందులో నేను పాటించే కొలత ఒకటుంది: బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లో, ప్యానెల్ వాట్లు దానికి రెట్టింపును మించకూడదు. 12 వోల్టుల 5 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో సుమారు 0.28 ఆంపియరు, 10 వాట్లది సుమారు 0.55 ఆంపియరు ఇస్తుంది. బ్యాటరీకి మేలైన ఛార్జింగు దాని సామర్థ్యంలో పదో వంతు కాబట్టి, మొదటిది 3 ఆంపియర్ అవర్ల బ్యాటరీకీ, రెండోది 5 ఆంపియర్ అవర్లదానికీ అతికినట్టు సరిపోతుంది. దుకాణంలో 40 వాట్లది చవకగా వస్తున్నదని తెచ్చి ఇంత చిన్న బ్యాటరీకి తగిలించడం దానిని ఉడకబెట్టడమే.

ఎండలో ఏ లోడూ లేని ప్యానెల్ వోల్టేజి 21 వరకు ఉంటుంది, బ్యాటరీకేమో 14.4 దాటకూడదు, నిండిన తరువాత రోజుల తరబడి తగిలించి ఉంచాలంటే 13.5 నుంచి 13.8 మధ్య నిలపాలి. ఆ పని చేసేది ఛార్జ్ కంట్రోలరు. దానికి ముందు బ్యాటరీ వైర్లు, తరువాత ప్యానెల్ వైర్లు కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్ తీయాలి. అయితే చవక కంట్రోలర్లు తమ కోసమే 10 మిల్లీ ఆంపియర్ల వరకు తింటాయి. రోజుకు 0.24 ఆంపియర్ అవర్లు! బ్యాటరీ తనంతట తాను పోగొట్టుకునేదానికంటే ఇది ఎన్నో రెట్లు. ఎండ ఉన్న రోజుల్లో లెక్కలోకి రాదు గాని, ముసురు పట్టిన వారంలో 5 వాట్ల ప్యానెల్ ఇచ్చేది కంట్రోలరు తిండికే సరిపోతుంది. ప్యానెల్ మీద నీడ పడినా ఇదే పరిస్థితి. లోపలి గడులన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక కొబ్బరి మట్ట నీడ ఒక మూల పడినా కరెంటు బాగా పడిపోతుంది. కొబ్బరితోటల మధ్య ఉండే మనవాళ్లు వాట్ల కంటే ముందు చోటు చూసుకోవాలి. దక్షిణం వైపు, సుమారు 18 డిగ్రీల వాలు మన జిల్లాలకు సరిపోతుంది.

కంట్రోలరు వద్దనుకునేవారికి ఇంకో పద్ధతి ఉంది. బండి నుంచి విప్పిన బ్యాటరీకి 5 వాట్ల ప్యానెల్‌ను, రాత్రి కరెంటు వెనక్కి పోకుండా ఒక డయోడు పెట్టి, పదిహేను రోజులకోసారి ఒక పూట మాత్రమే తగిలించి తీసేయడం. ఇంట్లో ఒకరికి ఈ పని అప్పగించగలిగితే నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, పాడయ్యే వస్తువు తక్కువ కాబట్టి.

తుపాను రోజులు వేరు. అప్పుడు బండి బ్యాటరీని ఖాళీ చేసేది ఎక్కువగా ఫోనే. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల ఫోను ఒకసారి నిండడానికి, మధ్యలో పోయేది కలుపుకొని, బండి బ్యాటరీలోంచి దాదాపు 2 ఆంపియర్ అవర్లు పోతాయి. 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇది సగం. ఇద్దరు ముగ్గురు చుట్టుపక్కలవాళ్లు వచ్చి ఫోన్లు పెట్టుకున్నారంటే, మరునాడు ఎవరినైనా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వస్తే ఆ బండి కదలదు. కాదనలేని సమయం అది, ఒప్పుకుంటాను. కాబట్టి ఫోనును బండి నడుస్తున్నప్పుడు గాని, ఎండ ఉన్న వేళ ప్యానెల్ పనిచేస్తున్నప్పుడు గాని మాత్రమే పెట్టాలి. గాలి మొదలయ్యే ముందే ప్యానెల్‌ను కిందికి దించి లోపల పెట్టుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

అప్పటికే దిగిపోయిన బ్యాటరీకి ఊళ్లోని ట్రాక్టరు సాయపడుతుంది. ట్రాక్టరు ఇంజను నడుస్తుండగా దాని బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు ఉంటాయి. నేరుగా వైర్లు కలిపితే చిన్న బ్యాటరీలోకి ఒక్కసారిగా కరెంటు దూకుతుంది గనుక, పాజిటివ్ వైరు మధ్యలో 21 వాట్ల బ్రేకు బల్బు ఒకటి వరుసలో పెట్టాలి. బల్బు సరిగా వెలగకపోయినా కరెంటు వెళుతూనే ఉంటుంది. రెండు మూడు గంటల్లో బండి స్టార్ట్ అయ్యేంత ఎక్కుతుంది. ఆ సమయంలో దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. ఛార్జింగులో వచ్చే హైడ్రోజన్ వాయువు మండే గుణం కలది.

నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే నెలకోసారి మట్టం చూసి, రెండు గీతల మధ్య ఉండేలా డిస్టిల్డ్ వాటరే పోయాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో టెర్మినళ్లకు తెల్లగా, పచ్చగా పట్టే తుప్పును వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, వేజ్‌లిన్ రాయాలి.

నెలల తరువాత బండి యజమాని తిరిగి వచ్చినప్పుడు, వైర్లు బిగించి, మల్టీమీటరు టెర్మినళ్లకు పెట్టి సెల్ఫ్ నొక్కి చూడాలి. నొక్కిన క్షణంలో వోల్టేజి 10కి పైన నిలిస్తే బ్యాటరీ బాగున్నట్టు. విశ్రాంతిలో 12.6 చూపించి, సెల్ఫ్ నొక్కగానే 9 కిందికి పడిపోతే, కనెక్షన్లు శుభ్రంగా, గట్టిగా ఉన్నాయని చూసుకున్నాక, దానిని మార్చక తప్పదు.