తలుపు దగ్గర ఎవరో ఉన్నారు

దెయ్యాల్లేవని అందరితో వాదించే నాకు కూడా ఒక దెయ్యం కథ ఉంది. నైట్ షిఫ్టులు చేసే రోజుల్లో, అమీర్‌పేట హాస్టల్ గదిలో తెల్లవారుజామున మెలకువ వచ్చింది. కళ్లు తెరుచుకున్నాయి కానీ కాలూ చెయ్యీ కదల్లేదు. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. కాసేపటికి ఛాతీ మీద బరువు. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఆ భయం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ నిజంగా ఎవరైనా ఉన్నారా అన్నది వేరే సంగతి.

దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలొచ్చే నిద్రలో, కలలో చేసే పనులు మనం నిజంగా చేసెయ్యకుండా మెదడు ఒంటి కండరాలను కదలనివ్వదు. ఒక్కోసారి ఆ పట్టు వదలకముందే మెలకువ వచ్చేస్తుంది. కల ఇంకా కళ్ల ముందు ఆడుతూనే ఉంటుంది. నిద్ర చాలనివాళ్లకి, షిఫ్టులు మారేవాళ్లకి, వెల్లకిలా పడుకున్నప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది.

ఫోన్‌లో అమ్మకి ఇదంతా వివరిస్తే ఓపిగ్గా విని, "సరేలే, దిండు కింద చాకు పెట్టుకుని ఆంజనేయ దండకం చదువుకో" అంది. చదువుకున్నాను. అమ్మతో వాదించేంత హేతువాదం నాకింకా రాలేదు.

ఇప్పుడు ఫ్రెండ్స్ కొత్తగా గోల్కొండ కథలు మొదలుపెట్టారు, చీకటి పడ్డాక అడుగుల చప్పుడు వినిపిస్తుందట. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీది బాలాహిస్సార్‌లో వినిపించేలా కట్టిన కోట బాబూ అది! చప్పుడు వినిపించకపోతే కదా అనుమానపడాలి.