2పీ వైపు బ్లాంకా బాల్: 50కి 7 నుంచి 23 దాకా

నిన్న రాత్రి 23 వచ్చాయి! వీడియో గేమ్‌లో ఒక ట్రిక్ యాభైసార్లు చేస్తే ఇరవై మూడుసార్లు కుదిరింది! మూడు వారాలుగా ఏడు, తొమ్మిది, ఏడు, ఎనిమిది అంటూ ఒక్కచోటే తిరిగిన లెక్క చివరికి ఇంత పైకి లేచేసరికి సరిగా నిద్ర కూడా పట్టలేదు. పొద్దున్నే లేచి రాస్తున్నాను. ఎడమ బొటనవేలు ఇంకా సలుపుతూనే ఉంది.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట. ఆట క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్ఎన్‌కే 2. 2001లో నయోమీ అనే ఆర్కేడ్ బోర్డు మీద వచ్చిన ఫైటింగ్ గేమ్. నేను ఆడుతున్నది 2025లో వచ్చిన క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్ 2లో. సాధన చేస్తున్నది రోల్ క్యాన్సిల్: లైట్ పంచ్, లైట్ కిక్ కలిపి నొక్కి రోల్ (దొర్లడం) మొదలుపెట్టి, 3 ఫ్రేముల్లోపు (ఒక ఫ్రేము సెకనులో అరవయ్యో వంతు) దాన్ని స్పెషల్ దెబ్బగా మార్చేస్తే, రోల్‌కి ఉండే దెబ్బ తగలని రక్షణ ఆ స్పెషల్‌కి అంటుకుంటుంది. ఇది ప్రోగ్రామ్‌లో మిగిలిపోయిన లోపమే. తర్వాత గేమ్‌క్యూబ్, ఎక్స్‌బాక్స్‌లకు వచ్చిన ఈఓ (ఈజీ ఆపరేషన్) వెర్షన్‌లో తీసేశారు. నాకు మాత్రం రోల్ క్యాన్సిల్ లేని ఆట ఉప్పు లేని పప్పులా ఉంటుంది.

ఈ నెలలో మిగతావన్నీ బాగానే సాగాయి. నేను ఆడే పాత్ర బ్లాంకా కరెంటు రోల్ క్యాన్సిల్ రెండు వైపులా 50కి 45 దాటింది. ఏ-గ్రూవ్ (ఆట మొదట్లో ఎంచుకునే ఆడే పద్ధతుల్లో ఒకటి) సకురా కస్టమ్ కాంబో, అంటే దెబ్బల వరస, చేతికి వచ్చేసింది.

ఇక అసలు గొడవ. బ్లాంకా బాల్ అంటే లివర్ (స్టిక్) కాసేపు వెనక్కి పట్టి, ముందుకి తోస్తూ పంచ్ కొడితే బంతిలా ఎగిరే స్పెషల్. అది 1పీ వైపు (తెర మీద ఎడమ పక్క, కుడికి తిరిగి) 50కి 31 వస్తోంది. అదే 2పీ వైపుకి (కుడి పక్క, ఎడమకి తిరిగి) వెళ్తే 7. అవే బటన్లు, అదే టీవీ, అదే నేను. జపాన్ గేమ్ సెంటర్లలో కేబినెట్లు ఎదురెదురుగా ఉంటాయి కదా, ముందే ఒకరు కూర్చుని ఆడుతుంటే మనం అవతలి వైపు నాణెం వేయాలి. నాకు నచ్చిన వైపే ఆడతాను అంటే అక్కడ కుదరదు.

పరీక్ష ఇలా పెట్టాను: ఎదురుగా ర్యూ అనే పాత్ర హడోకెన్ (ఎగిరి వచ్చే శక్తి గోళం) వేస్తూ ఉంటాడు, నా బాల్ దాన్ని దాటుకుని వెళ్తే ఒకటి, తగిలి పడితే సున్నా. తప్పిన 43 సార్లూ ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. లైట్ పంచ్ బాల్ వచ్చేసినవి 19. హెవీ పంచ్ బాల్ వచ్చినా రక్షణ లేనివి 13. ఉత్త రోల్ మాత్రమే వచ్చినవి 11.

ఆ 19 చూడగానే ఎక్కడ పోతోందో కొంత తెలిసింది. లివర్ ముందుకు చేరాక లైట్ పంచ్ పడితే ఆట దాన్ని మామూలు బాల్‌గా తీసుకుంటుంది. అంటే లివర్ వెనక నుంచి ముందుకు వెళ్తూ మధ్యలో న్యూట్రల్‌లో (ఏ వైపూ వంగకుండా) ఉన్న ఆ కాస్త సమయంలోనే రెండు బటన్లూ పడాలి.

ఆ సమయం ఎంతో కొలుద్దామని ఫోన్‌ని ట్రైపాడ్‌కి బిగించి, రెండు చేతులూ, టీవీ కూడా కనిపించేలా 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీశాను. ఆట సెకనుకి 60 కాబట్టి ఆటలో ఒక్క ఫ్రేముకి వీడియోలో నాలుగు. 1పీ వైపు నా లివర్ న్యూట్రల్‌లో 9–10 వీడియో ఫ్రేములు ఉంటోంది, సుమారు 40 మిల్లీసెకన్లు. 2పీ వైపు 4–5 మాత్రమే, సుమారు 20. అంటే ఆటలో ఒక్క ఫ్రేము! అంత సన్న సందులో రెండు వేళ్లు ఒకేసారి పడాలంటే ఏడు రావడమే గొప్ప.

ఎందుకలా? మొదట గేట్‌ని, అంటే లివర్ కదిలే హద్దుని ఆపే చట్రాన్ని, అనుమానించాను. చతురస్రం తీసి ఎనిమిది మూలలది వేశాను. 8 వచ్చాయి. ఎడమ-కుడి దారి రెండిట్లోనూ ఒకటే కాబట్టి తేడా రాకపోవడం న్యాయమే. తర్వాత గట్టి స్ప్రింగ్ వేశాను. 4కి పడిపోయింది, పైగా పావుగంటకే మణికట్టు లాగేసింది. టీవీ ఆలస్యం అనుకుందామా అంటే అదే టీవీ మీద 1పీ వైపు 31 వస్తోంది, దాన్ని తప్పుపట్టలేం. ఆఫీసులో ఒకతను లెవర్‌లెస్ బాక్స్ (లివర్ బదులు దిక్కులకి కూడా బటన్లే ఉండేది) కొనుక్కోమన్నాడు. దాంట్లో ఒక దిక్కు బటన్ వదలడం, రెండోది నొక్కడం వేర్వేరు వేళ్ల పని కాబట్టి న్యూట్రల్ మన ఇష్టం. నిజమే. కానీ నేను వెళ్లి కూర్చోబోయే కేబినెట్‌కి లివర్ ఉంటుంది. సన్వా జేఎల్ఎఫ్ లివర్, ఓబీఎస్ఎఫ్-30 బటన్ల జోడీని నేను మార్చను. రెండేళ్ల కిందట ఒక చవక స్టిక్‌తో మొదలుపెట్టి ఆరు నెలలు పోగొట్టుకున్నాక ఇవి బిగించుకున్నాను, ఆ రోజు నుంచి వీటి మీద వంక పెట్టే పని పడలేదు.

చివరికి వీడియోలో చెయ్యి వైపే చూస్తూ కూర్చున్నాను. ముప్పై సార్లు చూసుంటాను. 1పీ వైపు లివర్ కుడికి వెళ్లేటప్పుడు నా నాలుగు వేళ్లూ దాన్ని మెల్లగా తోస్తున్నాయి. 2పీ వైపు ఎడమకి వెళ్లేటప్పుడు మాత్రం బొటనవేలు ఒక్కటే గోళీ కొట్టినట్టు టక్కున కొడుతోంది. నా ఊహ ఏమిటంటే ఆ విసురే న్యూట్రల్‌ని మింగేస్తోంది. బొటనవేలిని బంతి మీద నుంచి కాస్త పైకి జరిపి, అరచేతితో లాగడం మొదలుపెట్టాను. 16 దాకా వెళ్లి అక్కడ ఆగింది. ఇంకో తేడా కూడా దొరికింది: రోల్ బటన్లకీ హెవీ పంచ్‌కీ మధ్య ఎడం 1పీ వైపు ఎప్పుడూ 8–10 వీడియో ఫ్రేములు. 2పీ వైపు ఒకసారి 6, ఒకసారి 14. 12 దాటితే 3 ఫ్రేముల గడువు అయిపోయినట్టే. ఎడమ చెయ్యి కొత్త పట్టు వెతుక్కుంటుంటే కుడి చెయ్యి దాని కోసం ఆగిపోతోంది.

శనివారం సాయంత్రం పక్క గదిలో మా అమ్మాయి కూచిపూడి ఆన్‌లైన్ క్లాసు. టీచర్ గారు "త... కి... ట..." అని మొదటి కాలంలో చెప్తున్నారు, తర్వాత రెండో కాలం, తర్వాత మూడో కాలం. గోడ ఇవతల నేను స్టిక్ ఒళ్లో పెట్టుకుని వింటున్నాను. ఇన్నాళ్లూ నేను నేరుగా మూడో కాలంలోనే సాధన చేస్తున్నానని అప్పుడు తట్టింది!

"త" అంటే లివర్ వదలడం. "కి" అంటే రెండు లైట్ బటన్లు. "ట" అంటే లివర్ ముందుకి, హెవీ పంచ్. మొదటి కాలం వేగంలో ఆటలో ఏమీ రాదు, ఉత్త రోల్ వస్తుంది. రానీ అనుకుని లెక్క రాయడం మానేసి ఇరవై నిమిషాలు నోటితో అంటూ చేశాను. తర్వాత వేగం రెట్టింపు, మళ్లీ రెట్టింపు. చివరికి మూడు అక్షరాలూ ఒకే దెబ్బలా కలిసిపోయి, నోరు అందుకోలేక ఆగిపోతుంది. అక్కడి నుంచి వేళ్లే చూసుకోవాలి. ఆదివారం 14, సోమవారం 18, నిన్న 23.

నిన్నటి వీడియో కూడా కొలిచాను. న్యూట్రల్ 7–8కి పెరిగింది. తప్పిన 27లో లైట్ పంచ్ బాల్ 9కి తగ్గింది, రక్షణ లేనివి 6. ఉత్త రోల్ మాత్రం 12. అంటే ఇప్పుడు ఆలస్యం హెవీ పంచ్ కొట్టే ఉంగరపు వేలిదే. హెవీ పంచ్ బదులు మధ్యవేలితో మీడియం పంచ్ కొడితే? పడుకునే ముందు పదిసార్లు చేస్తే 6 వచ్చాయి. పది మీద ఏమీ తేల్చలేం, ఈ వారం యాభై యాభై చొప్పున నాలుగు రోజులు చేసి చూస్తాను. మీడియం బాల్ వేగం, దూరం తగ్గితే ఎక్కడ వాడాలో మళ్లీ నేర్చుకోవాలి, అది వేరే సంగతి.

30 దాటిన రోజు టోక్యోలో నిషికసాయ్‌లో తోజాయ్ లైన్ ఎక్కి నేరుగా తకదనోబాబాలో దిగుతాను, మికాడో అనే గేమ్ సెంటర్‌కి వెళ్లడానికి. రైలు మారే పని కూడా లేదు. ఈ మధ్యలో నా జట్టులో మూడో మనిషిని కూడా తేల్చుకోవాలి. జట్టులో బలాన్ని పంచే రేషియో మొత్తం 4: బ్లాంకాకి రేషియో 2 ఇస్తే సకురాకి ఒకటి, మిగిలిన ఆ ఒక్కటికి ఈగిల్ అనే పాత్రని తీసుకోవాలని మనసు లాగుతోంది. ఆ రెండు కర్రల సొగసు మీద నాకున్న ఇష్టం తప్ప దానికి వేరే కారణం లేదు. మరో గొడవ, ఏ-గ్రూవ్ సకురా కావాలంటే జట్టు మొత్తం ఏ-గ్రూవ్‌లోనే ఉండాలి. ఈగిల్ కస్టమ్ కాంబోలు ఒక్కటీ రావు నాకు. రేపటి నుంచి బాల్ యాభై అయ్యాక అరగంట దానికి.