ట్యాంకు నిండా పెట్రోలు, బండి మాత్రం కదలదు

ఆదివారం తెల్లారకుండానే బైకు మీద అరకు బయల్దేరాను. విశాఖ మద్దిలపాలెంలో ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేశాను. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే బండి గుక్కలు పెట్టి ఆగిపోయింది. మీటరులో 70 కిలోమీటర్లే! రిజర్వుకి (ట్యాంకు అడుగున మిగిలే పెట్రోలుకి) తిప్పినా లాభం లేదు. కాసేపు ఆగితే స్టార్టయ్యేది, రెండు మలుపులు తిరగ్గానే మళ్ళీ అంతే.

పెట్రోలు ఉందా లేదా చూద్దామని మూత తీశాను. 'సుయ్'మని గాలి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత బండి హాయిగా లాగింది.

అనంతగిరిలో మెకానిక్ చూసి, "మూతలో గాలి కన్నం పూడుకుపోయింది బాబూ" అన్నాడు. నాది కార్బ్యురేటర్ (పెట్రోల్ని గాలితో కలిపి ఇంజనుకి పంపే పరికరం) ఉన్న బండి. పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగాలి. దిగినంత మేర పైనుంచి గాలి రాకపోతే లోపల వ్యాక్యూమ్ ఏర్పడి ధార ఆగిపోతుంది. సన్నగా వచ్చే గాలి ఊళ్ళో సరిపోయింది, ఎక్కుడు మీద ఫుల్ థ్రాటిల్‌కి చాల్లేదు. ట్యాంకు మీద కట్టే సంచి (ట్యాంకు బ్యాగు) మూతను గట్టిగా కప్పేసినా ఇలాగే అవుతుందట. ఆయన సన్న తీగతో పొడిచి, గాలి ఊది శుభ్రం చేశాడు. ఐదు నిమిషాల పని. ఆయనకెంత రుణపడ్డానో!

అన్నట్టు, లీటరుకి 45 ఇచ్చే బండి ఘాట్‌లో 38 కూడా ఇవ్వలేదు. రిజర్వులో ఉండే లీటరున్నరకి ఇకమీదట 50 కిలోమీటర్లే లెక్కేసుకుంటాను. ట్యాంకు మీద వాన కవరు వేసేముందు మూతలో గాలి కన్నం మూసుకుపోదు కదా అని ఓసారి చూసుకోండి.