2018లో నా సినిమా ఇదే

2018 సినిమాల్లో నీకు బాగా నచ్చింది ఏదని ఎవరడిగినా నా జవాబు మారదు: 'స్పైడర్ మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్ వర్స్'. సూపర్‌హీరో సినిమానా, అదీ యానిమేషనా అని ఆశ్చర్యపోతారు. అవును, అదే.

నన్ను పట్టేసింది కొత్తగా స్పైడర్ మ్యాన్ అయిన కుర్రాడు మైల్స్ మొరాలెస్ తడబాటు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. మొదట్లో చాలాచోట్ల మైల్స్ ఒక్కో భంగిమని రెండేసి ఫ్రేముల పాటు ఉంచారు, అంటే సెకనుకు 12 బొమ్మలే. అడవి సీన్‌లో పక్కనే ఊగుతున్న పీటర్, అంటే అనుభవమున్న పెద్ద స్పైడర్ మ్యాన్, మాత్రం 24 బొమ్మలతో సాఫీగా సాగిపోతాడు. మొదటిసారి చూసినప్పుడు నాకీ లెక్క తెలియదు. పిల్లాడికి ఇంకా పట్టు దొరకలేదని మాత్రం అర్థమైంది. దూరంగా ఉన్న వస్తువులైతే రంగులు పక్కకి జరిగిన పాత కామిక్ పేజీలా ఉంటాయి. ఎంత ప్రేమగా చేశారో!

ఇక ఆ దూకే సీన్. మైల్స్ వేళ్లు భవనం అద్దాన్ని వదలవు. దూకినప్పుడు గాజు పెంకులు వేళ్లకి అంటుకునే వస్తాయి. భయం పోలేదు, అయినా దూకాడు. కెమెరా తలకిందులై, పడుతున్నవాడు పైకి లేస్తున్నట్టు కనిపిస్తాడు. అక్కడ నాకు ఏడుపొచ్చేసింది. అప్పటికి ఒక కొత్త ఉద్యోగం ఒప్పుకోవాలా వద్దా అని వారాల తరబడి టెన్షన్ పడుతున్నాను. హాల్లోంచి బయటికి రాగానే ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పాను.

2019లో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది, చాలా సంతోషపడ్డాను. కానీ ఇప్పటికీ నేను మళ్లీ మళ్లీ పెట్టుకుని చూసేది మాత్రం ఆ అద్దం పగిలే క్షణం కోసమే.