సాతీ బేగ్ వెండి నాణేలు

ఇరాన్‌ను ఏలిన మంగోల్ ఇల్‌ఖాన్ వంశంలో అబూ సయీద్ 1335లో కొడుకులు లేకుండా మరణించాక, సింహాసనం అమీర్ల (సేనానాయకుల) చేతిలో పావుగా మారింది. అర్పా ఖాన్, మూసా ఖాన్ నెలల వ్యవధిలోనే పదవి కోల్పోయారు. అయినా, శుక్రవారం మసీదులో చేసే ఖుత్బా ప్రసంగంలోనూ నాణెం మీదా పేరు ఉండటమే రాజ్యాధికారానికి గుర్తు కాబట్టి, గద్దెనెక్కిన వారు తమ పేరిట వెండి నాణేలు ముద్రించడానికి తొందరపడేవారు.

వీటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేవి అబూ సయీద్ సోదరి సాతీ బేగ్ నాణేలు. చోబానీ అనే అమీర్ల కుటుంబ నాయకుడు హసన్ కూచక్ హిజ్రీ 739లో (క్రీ.శ. 1338–39) ఆమెను గద్దెనెక్కించాడు. అప్పటి నాణెం మీద అరబీ లిపిలో ‘న్యాయశీల సుల్తానా సాతీ బేగ్ ఖాన్, అల్లాహ్ ఆమె రాజ్యాన్ని చిరస్థాయిగా నిలుపుగాక’ అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. మధ్యయుగ ఇస్లామిక్ నాణేల్లో స్త్రీ పేరు ఇంత స్పష్టంగా కనిపించడం చాలా అరుదు. ఏడాది తిరిగేసరికి ఆమెకు సులేమాన్ ఖాన్‌తో పెళ్లి చేసి, అతన్నే ఖాన్‌గా ప్రకటించారు.

అంతకుముందు ఏలిన ఇల్‌ఖాన్ గజాన్ ఖాన్ సంస్కరణలలో సుమారు 4.3 గ్రాములుగా స్థిరపడిన రెండు దిర్హమ్‌ల వెండి నాణెం బరువు ఈ వారసుల కాలంలో అంతకంతకూ తగ్గింది. ఈశాన్య ఇరాన్ ప్రాంతమైన ఖురాసాన్‌లో గద్దెకు మరో పోటీదారు తఘాయ్ తైమూర్ కూడా అదే కాలంలో నాణేలు వేయించాడు కనుక, పాలకుడి పేరుతో పాటు టంకశాల పేరునూ చదివితేనే ఏ ఊరు ఎవరి పక్షాన ఉందో తెలుస్తుంది.